దీపకాంతియు తైలవర్ణ చిత్రమును

రంగులో వెలుగు లేదు. చిత్రకారుని పలకపై గల మిక్కిలి తెల్లని రంగు సైతము తనపై పడిన వెలుగును తిరిగి పంపునదే కాని, తానై వెలుగునది కాదు. దీపశిఖ అట్టిది కాదు. అది తానై వెలుగును. ఒక చిన్న దీపమునకు అడుగు దూరమున తెల్ల కాగితము నుంచి చూచినచో, ఆ కాగితముకంటె దీపశిఖ కొన్ని వేల రెట్లు ప్రకాశవంతమై యుండును. చిత్రకారుని తెలుపునకును నలుపునకును నడుమ గల అంతరమో, కొన్ని పదుల రెట్లు మాత్రమే. వేల రెట్ల అంతరమును పదుల రెట్లలో ఇమిడ్చి, చూచువానికి ఇది దీపమే అనిపించుట ఎట్లు? దీపకాంతిలోని మనుష్యులను తైలవర్ణములతో ఉన్నది ఉన్నట్లుగా చిత్రింపదలచిన వానికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న ఇది. ఈ ప్రసంగమున ఆ ప్రశ్నను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు ఒక ఇంటిలోనికి తీసికొనిపోయి, అచ్చటి దీపము చెంత దానికి సమాధానము వెదకుదము.

ఆ ప్రాంతమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. 2016వ సంవత్సరము అక్టోబరు వరకు ఈ మూడును మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. నేడు మూడు జిల్లాలు. ప్రజల నోట మాత్రము ఇది ఎప్పటికిని పాలమూరే. ఒకప్పుడు ఇది సంస్థానముల సీమ. గద్వాల, వనపర్తి, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు సంస్థానముల ప్రభువులు పండితులను, కవులను ఆదరించినారు. విద్వద్గద్వాల అను పేరు ఆ ఆదరణ వలన వచ్చినదే. ఇక ఈ నేలలో ఆముదమును, వేరుసెనగయు రైతునకు చిరకాలపు తోడు. సంస్థానాధీశుని కొలువులోనైనను, సాలెవాని మట్టి మిద్దెలోనైనను, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట కన్నులకు దిక్కు నూనె దీపమే. తరువాతి కాలమున కిరసనాయిలు వచ్చినది. దానినే ఇచ్చటివారు గ్యాసునూనె అనిరి. ప్రమిద పోయి బుడ్డి వచ్చినది, బుడ్డి వెనుక కందీలు వచ్చినది.

పాలమూరు మిద్దె ఇల్లు దీపపు చిత్రమునకు పుట్టినిల్లు వంటిది. మందమైన మట్టిగోడలు, వానిపై సున్నపు పూత, గోడ అడుగున జాజు పట్టె, కురుచ ద్వారములు, చిన్న కిటికీలు. గోడలో దీపమునకు గూడు. గూటికి పైన ఏండ్ల తరబడి పేరుకొన్న మసిచార. ఇట్టి గదిలోనికి బయటి వెలుగు రాదు, లోపలి వెలుగు బయటికి పోదు. నేడు గద్వాల సమీపమున జూరాల వద్ద కృష్ణానది నీటి నుండియే విద్యుత్తు పుట్టుచున్నది. ఇంటింట బల్బు వెలుగుచున్నది. ఇది కోరదగిన మార్పే. చీకటిలో కన్నులు చిట్లించి పని చేసిన వారెవరును పాత దీపము తిరిగి రావలెనని కోరరు. కాని ఆ వెలుగులో గది ఎట్లుండెడిదో, ముఖములు ఎట్లుండెడివో కన్నులార చూచినవారు ఏటేట తగ్గుచున్నారు. కెమెరాకు ఆ పని అప్పగింతమన్నచో, అది దీపమును పట్టిన గదిని నల్లగా మాపును, గదిని పట్టిన దీపమును తెల్లని మచ్చగా కాల్చును. నేటి సెల్‌ఫోను కెమెరా చీకటిని సరిదిద్దబోయి రాత్రిని పగలుగా చేయుచున్నది. రెంటిని ఒక్కసారి పట్టుకొను శక్తి కంటికిని, దాని వెనుక నుండు తలపునకును ఉన్నది. కావున ఈ పని ఇంకను చిత్రకారునిదే.

ఇప్పుడు దీపపు వెలుగు స్వభావమును చూతము. దాని మొదటి ధర్మము దూరముతో తరుగుట. దూరము రెండింతలైనచో వెలుగు నాలుగవ వంతగును. మూడింతలైనచో తొమ్మిదవ వంతగును. పగటి వెలుగులో ఈ సంగతి మనకు తట్టదు. సూర్యుడు ఎంతో దూరమున నున్నాడు కనుక ముంగిటి ఈ కొనకును ఆ కొనకును ఆయన వెలుగులో భేదము లేదు. దీపము అట్లు కాదు. జానెడు జరిగిన జానెడు వెలుగు పోవును.

ఒక గదిని ఊహింతము. గద్వాలలో ఒక నేతగాని ఇల్లు. ఇత్తడి కుందెలో దీపము. దాని ప్రక్కన రాట్నము ముందు కూర్చుండి ఒక అవ్వ కండెలు చుట్టుచున్నది. ఎదుట మనుమడు పుస్తకము చదువుచున్నాడు. వెనుక చీకటిలో గుంట మగ్గము, దానిపై సగము నేసిన చీర. అవ్వ చేయి దీపమునకు 1 అడుగు దూరమున నున్నది. ముఖము 2 అడుగుల దూరమున, వెనుకటి సున్నపు గోడ 6 అడుగుల దూరమున నున్నవి. చేతిపై పడిన వెలుగును 36 పాళ్లుగా లెక్కించినచో, ముఖముపై పడునది 9 పాళ్లు, గోడపై పడునది 1 పాలు. చామనచాయ చేయి తనపై పడిన వెలుగులో నాలుగవ వంతును తిరిగి పంపుననుకొందము. తెల్లని సున్నపు గోడ ఐదింట నాలుగు వంతులు పంపుననుకొందము. అప్పుడు చేతి నుండి మన కంటికి వచ్చునది 9 పాళ్లు. గోడ నుండి వచ్చునది 1 పాలు కూడ కాదు. అనగా తెల్లని గోడ చామనచాయ చేతికంటె పదిరెట్లకు పైగా చీకటియై యుండును.

ఈ లెక్కలోనే దీపచిత్రపు రహస్యమంతయు నున్నది. గోడ తెల్లనిదని మనకు తెలియును కనుక తెల్లగా వేయుదుము. చేయి నల్లనిదని తెలియును కనుక నల్లగా వేయుదుము. వేసిన మరుక్షణమున దీపము ఆరిపోవును! వస్తువు పేరును మరచి, దీపమునకు అది ఎంత దూరమున నున్నదో ఆ దూరమును చిత్రింపవలెను. చిత్రములోని దీపము వెలుగుటకు శిఖలో వేసిన పసుపు కారణము కాదు. ప్రతి వస్తువును దీపమునకు తన దూరమెంతో నిజము చెప్పుటయే కారణము.

దీనినుండి ఇంకొక సత్యము తేలుచున్నది. ఆ అవ్వయు మనుమడును అంత దగ్గరగా ఎందుకు కూర్చున్నారు? రెండు దీపములకు నూనె లేదు కనుక. పనికి చదువునకు ఒక్కటే దీపము. వెలుగు దూరముతో తరుగును గనుక ఇద్దరును దాని చెంతకు జరుగవలసినదే. ఇంటి పొదుపును, వెలుగు ధర్మమును కలిసి ఆ ఇద్దరిని ఒక వలయములో కూర్చుండబెట్టినవి. చిత్రకారుడు తన ఇచ్చ వచ్చినట్లు బొమ్మలను అమర్చనక్కరలేదు. దీపమే అమర్చి పెట్టినది. ఆ దగ్గరతనమే చిత్రమునకు వస్తువు.

రెండవ ధర్మము రంగునకు సంబంధించినది. నూనె దీపపు వెలుగులో ఎరుపు పసుపులు మెండు, నీలము మిక్కిలి తక్కువ. కావున దీపము చెంత తెల్ల కాగితమును లేత పసుపు కాగితమును వేరుచేయుట కష్టము. నీలిబట్ట నల్లబట్టవలె నుండును. దీపమునకు దూరమై చీకటి పెరిగిన కొలదియు మరియొక మార్పు కలుగును. మసక వెలుగులో మన కంటికి ఎరుపు త్వరగా నల్లబడును, నీలము ఆకుపచ్చలు కొంత నిలుచును. 19వ శతాబ్ది తొలి పాదమున ఈ సంగతిని గమనించి వ్రాసిన పుర్కిన్యే అను చెక్ దేశపు శాస్త్రజ్ఞుని పేరుతో దీనిని నేటికిని వ్యవహరింతురు. అందుచేత దీపము చెంత నున్న ఎర్రని పుస్తకపు అట్ట నిప్పువలె మెరయును. గది మూల నున్న ఎర్రచీర నల్లని మూటవలె కనబడును. చీకటి మూలలలో ఏదో చల్లదనము, బూడిద నీలపు ఛాయ తోచును. వెలుగులో వేడియు నీడలో చలువయు ఉంచుట ఈ కారణమున ఏర్పడిన పద్ధతియే.

ఈ ధర్మములను పూర్వచిత్రకారులు ఎట్లు వాడుకొనిరో చూచుట మేలు. మన దేశపు ప్రాచీన రీతిలో రాత్రి యనునది ఒక సంకేతము. మొగలాయి, దక్కను చిత్రములలో ఆకాశము నల్లనిది, ఒక దివిటీ, ఒక చంద్రుడు. మనుష్యుల ముఖములు మాత్రము తరచుగా పగటివలె సమముగ వెలుగుచుండును. అది లోపము కాదు, వేరొక భాష. వెలుగు నీడల యథార్థమును పట్టవలెనను పట్టుదల ఐరోపాలో 17వ శతాబ్దిలో బలపడినది. ఇటలీలో కరవాజ్జియో చూపిన దారిని పట్టి హాలండు దేశీయుడగు హోంటోర్స్ట్ ఎన్ని రాత్రి దృశ్యములు చిత్రించెనన, ఇటలీవారు ఆయనను రాత్రుల గెరార్డో అనిరి. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా తూర్ 1642 ప్రాంతమున చిత్రించిన వడ్రంగి జోసెఫ్ చిత్రము పారిస్‌లోని లూవ్ర్ చిత్రశాలలో నున్నది. వృద్ధుడు బరమాతో దూలమును తొలుచుచున్నాడు. బాలుడు కొవ్వొత్తి పట్టుకొని చేతిని అడ్డము పెట్టినాడు. వ్రేళ్ల సందున రక్తమాంసముల గుండ వెలుగు ఎర్రగా వచ్చుచున్నది. ఇంగ్లండు దేశీయుడు జోసెఫ్ రైట్ 1768లో చిత్రించిన గాలిపంపు ప్రయోగపు చిత్రములో కొవ్వొత్తి ఒక గాజుపాత్ర వెనుక దాగినది. చుట్టునున్న ముఖములు మాత్రము ఒక్కొక్కటి తన దూరమును బట్టి వెలుగుచున్నవి.

వీరందరును నేర్పిన పాఠ మొక్కటే. శిఖను దాచుము. చేయి అడ్డు పెట్టుము, గాజు అడ్డు పెట్టుము, ఒక మనిషి వీపును అడ్డు పెట్టుము. శిఖతో రంగు పోటీపడలేదు కనుక, దానిని దాచి దాని ఫలితమును చూపినచో చూచువాని మనస్సే శిఖను వెలిగించును.

మన దేశమున ఈ విద్యకు అందరెరిగిన ఉదాహరణము మైసూరు జగన్మోహన ప్రాసాదపు చిత్రశాలలో నున్నది. చేత దీపము పట్టుకొని, రెండవ చేతిని అడ్డము పెట్టి నిలిచిన స్త్రీ చిత్రమది. దాని నకళ్లు తెలుగిండ్లలో ఎన్నో గోడలపై నున్నవి. పలువురు దానిని రవివర్మ చిత్రమనుకొందురు. అది రవివర్మది కాదు. 1945-46 ప్రాంతమున సావ్లారాం లక్ష్మణ్ హల్దంకర్ తన కుమార్తెను నిలిపి చిత్రించినది. అది తైలవర్ణ చిత్రము కూడ కాదు, నీటిరంగులది. నీటిరంగులలో కాగితపు తెలుపే వెలుగు. తప్పిన దిద్దుటకు వీలు తక్కువ. అందుచేత ఆ చిత్రమును చూచిన చిత్రకారులు ఆశ్చర్యపడుదురు. అయితే అందలి స్త్రీ నిలిచినది అందముగ కనబడుటకు. మన గదిలోని అవ్వ పని చేయుచున్నది. ఆమెకు దగ్గరి చుట్టములు వాన్‌గో 1885లో చిత్రించిన బంగాళాదుంపలు తినువారు. ఒక వ్రేలాడు నూనెదీపము క్రింద ఐదుగురు పల్లెవాసులు, మొరటు చేతులు, అలసిన ముఖములు. ఆ చిత్రమునకు ముందు ఆయన పల్లెవారి తలలను, చేతులను పదుల కొలది వ్రాసికొనెను. ఆ సన్నాహము గమనింపదగినది.

ఇక తైలవర్ణముల మాట. ఇచ్చట పాలమూరి ఆముదము మరల మన కథలోనికి వచ్చుచున్నది. ఆముదమును పలకపై పూసి ఎన్ని నెలలుంచినను ఎండదు. వేరుసెనగ నూనెయు అంతే. అవిసెనూనె మాత్రము గాలిలోని ప్రాణవాయువును గ్రహించి కొలది దినములలో గట్టి పొరయగును. నీరు ఆరినట్లు అది ఆవిరియై పోదు. తానే మారి తోలువలె నగును. ఆముదములో 100కి సుమారు 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లము. దానికి గాలితో అట్లు పెనగొను గుణము లేదు. కావున ఆముదము దీపమునకు, అవిసె చిత్రమునకు. దీపపు మసిని ఇత్తడి పళ్లెమునకు పట్టి ఆముదముతో నూరినచో కాటుక. అది ఎండదు కనుకనే కంటికి మెత్తగా నుండును. ఆ మసినే జిగురునీటితో కలిపినచో సిరా. పూర్వము సంస్థాన కవుల గంటమునకు కలమునకు తోడైనది అట్టి మసియే. ఆ మసినే అవిసెనూనెతో నూరినచో చిత్రకారుని నలుపు. దీపము తన చిత్రమునకు కావలసిన చీకటిని తానే సమకూర్చుచున్నది!

అయినను ఒక హెచ్చరిక. మసి నలుపు నూనెను మిక్కుటముగ త్రాగును, మిక్కిలి ఆలస్యముగ ఎండును. అడుగు పొరలో దానిని దట్టముగ వేసి పైన వేరు రంగులు వేసినచో, పై పొర ముందెండి అడుగు పొర తరువాత కదలి, చిత్రము బీటలు వారును. అడుగు పొరకు కాల్చిన అంబరు మట్టి మేలు. అందలి మాంగనీసు నూనెను త్వరగా ఎండించును. దీనికి కొంచెము అల్ట్రామెరైను నీలము కలిపిన, నలుపుకంటె లోతైన చీకటి వచ్చును. నలుపు గోడవలె కంటిని ఆపును. ఈ చీకటి కంటిని లోనికి పిలుచును.

పని వరుస ఇట్లుండవలెను. మొదట కొన్ని రాత్రులు కుంచె పట్టరాదు. వెలుతురు నుండి చీకటిలోనికి వచ్చిన కన్ను పూర్తిగ కుదురుటకు సుమారు అరగంట పట్టును. దీపము వెలిగించి అరగంట ఊరక కూర్చుండవలెను. ఆ పిమ్మట గోధుమరంగు కాగితముపై బొగ్గుతో నీడలను, సుద్దతో వెలుగులను గురుతు పెట్టుకొనవలెను. రంగులను మాటలలో వ్రాసికొనవలెను: చేయి మామిడిపండు వంటిది, గోడ తడిమట్టి వంటిది అని. దీపపు వెలుగులో రంగులు కలుపరాదు. అచ్చట తెలుపు పసుపు ఒక్కటే కనుక, రాత్రి కలిపిన రంగు పగలు చూచిన వేరొక చిత్రమై యుండును. పగటి వెలుగులో, రాత్రి గురుతుల సాయమున, జ్ఞాపకముతో రంగు వేయవలెను. సందేహము కలిగిన మరల రాత్రి దీపము వెలిగించి చూడవలెను. ఇది చూచి వ్రాయు విద్యకంటె చూచి గుర్తుంచుకొను విద్య.

కాన్వాసును తెల్లగా నుంచరాదు. అంబరు రంగును టర్పెంటైనుతో పలుచన చేసి అంతటను పూసి, అది ఆరక మునుపే గుడ్డతో వెలుగు తావులను తుడువవలెను. చీకటి ముందు, వెలుగు తరువాత. ఈ ఒకే రంగులో చిత్రమంతయు నిలువవలెను. ఇక్కడ దీపము వెలుగకున్న, పైన ఎన్ని రంగులు వేసినను వెలుగదు. ఇది ఆరిన పిమ్మట వెలుగు తావులలో తెలుపు, గోపీచందనపు పసుపు, కాల్చిన సియెన్నా, కొంచెము ఎరుపు కలిపి చిక్కగా వేయవలెను. నీడలలో రంగు పలుచగా నుండవలెను. పై పొరకు పోను పోను నూనె పాలు పెరుగవలెను. లేనిచో బీటలు తప్పవు. చివరకు పారదర్శకమగు పలుచని పూతలతో నీడలకు లోతును, ముఖములకు వెచ్చదనమును తేవలెను. పూతకు పూతకు నడుమ ఎండుటకు దినములు పట్టును. ఈ ఆలస్యమే తైలవర్ణములలోని మేలు. వెలుగు నుండి నీడకు పోవు అంచును తడిగా నున్నపుడే కలిపి, దీపపు వెలుగులోని మెత్తదనమును తీసికొనిరావచ్చును.

ముఖము విషయమున పెద్ద పరీక్ష కలదు. దీపము క్రింద నున్నది కనుక వెలుగు గడ్డము క్రిందను, పై పెదవిపైనను, ముక్కుపుటముల పైనను, కనుబొమల క్రిందను పడును. మనము పగలు చూచు ముఖమునకు ఇది తలక్రిందు. అలవాటు చొప్పున నుదుటిపై వెలుగు వేసినచో దీపము అబద్ధమగును. ఆమె వ్రేళ్లు దీపమునకు అడ్డమైనచోట అంచులు ఎర్రగా వెలుగును. అచ్చట ఇంగిలీకపు ఎరుపు లేక కాడ్మియం ఎరుపు సన్నగా చాలును. నీడలను గూర్చి ఒక లెక్క. చేయి దీపమునకు 1 అడుగు, దాని నీడ పడు గోడ 6 అడుగులు అయినచో, గోడపై ఆ నీడ చేతికి ఆరు రెట్లు పెద్దది. రాట్నపు చక్రము గోడపై బండిచక్రమంత యగును. ఆ పెద్ద నీడను మరచి చిన్న నీడను వేయువారు పలువురు. గదిలోని రాత్రితనము సగము ఆ నీడలోనే యున్నది.

ఇక మగ్గముపై చీర. గద్వాల చీరకు నడుమభాగము నూలు, అంచును కొంగును పట్టు, దానిపై జరీ. మడిచిన అగ్గిపెట్టెలో ఇమిడెడి చీర అని లోకులు చెప్పుకొందురు. చిత్రకారునికి అది మూడు వేర్వేరు వెలుగుల పాఠము. నూలు వెలుగును త్రాగి మెత్తగా తిరిగి ఇచ్చును. పట్టు మడత పొడవున మెరుపును సాగదీయును. జరీ అద్దమువలె దీపమునే ప్రతిఫలింపజేయును. గోడ దూరముతో నల్లబడినట్లు జరీ నల్లబడదు. చీకటిలో దీపపు చిన్నబొమ్మ దానిపై చుక్కవలె నిలుచును. అందుచేత మగ్గమంతయు చీకటిలో మునిగినను జరీ చుక్కలు రెండు మూడు మెరయును. దానికి బంగారు పొడి అక్కరలేదు. గోధుమరంగు మీద పసుపు, పసుపు మీద సూదిమొనయంత లేత తెలుపు చాలును. ఎక్కువ చుక్కలు పెట్టినచో దీపావళి యగును.

ఇచ్చటనే చిత్రకారుని నిజాయితీకి పరీక్ష. ఆ జరీచీరను అవ్వకు కట్టబెట్టవలెనను కోరిక కలుగును. చిత్రము ఆకర్షకమగును, కొనువారు వత్తురు. కాని ఆ చీర నేసినవారు కట్టుకొనుటకు కాదు, అమ్ముటకు. అవ్వ కట్టినది ఉతికి ఉతికి వెలిసిన నూలుచీర. దీపము దగ్గర వెలిసిన నూలు, దూరమున చీకటిలో మెరయు జరీ: ఈ రెంటి నడుమ గల అడుగుల దూరమే ఆ ఇంటి చరిత్ర. దానిని మార్చినచో బొమ్మ అందగించును, సత్యము పోవును. దీపము ముందే దూరమును గూర్చి నిజము చెప్పవలెనంటిమి. ఆ నియమము వెలుగునకు మాత్రమే కాదు, మనుష్యులకును వర్తించును.

సాధారణముగ కనబడు తప్పులు కొన్ని. చిత్రమంతట పసుపు పులుముట ఒకటి. అంతట వేడియైనచో ఎచ్చటను వేడి తోచదు. శిఖను సున్నపు తెలుపుతో నింపుట ఇంకొకటి. శిఖ మొదట వత్తి చుట్టును నీలిచాయ కలదు, నడుమ లేతపసుపు, కొనయందు నారింజ. దాని అంచు కత్తితో కోసినట్లుండదు. చుట్టును చక్రమువంటి కాంతివలయము గీయుట మూడవది. అది దేవతల పటములకు తగును. కిటికీ నుండి వెన్నెలను కూడ తెచ్చి కలుపుట నాలుగవది. ఆరంభకునకు ఒక్క దీపము చాలును.

మరి కొన్ని జాగ్రత్తలు. దీపమును టర్పెంటైనును ఒక గదిలో నుంచరాదు. అవిసెనూనె పీల్చిన గుడ్డలను కుప్పగా వేయరాదు; నూనె ఎండునపుడు పుట్టిన వేడి కుప్పలో నిలిచి, నిప్పు తగులకయే అవి అంటుకొనగలవు. వానిని విడివిడిగా ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచి మూతగల డబ్బాలో నుంచవలెను. సఫేదా అనబడు సీసపు తెలుపు విషము. దానికి బదులు టైటానియం తెలుపు వాడవచ్చును. ముగిసిన చిత్రమును కిటికీకి ఎదురుగా వ్రేలాడదీసినచో చీకటి భాగములు అద్దమై గదినే చూపును. ప్రక్క వెలుగు పడునట్లు నిలుపవలెను.

వనపర్తి రాజప్రాసాదము నేడు పాలిటెక్నిక్ విద్యాలయమైనది. సంస్థానముల కాలము 1948 తరువాత ముగిసినది. కోటల చిత్రములు, రాజుల చిత్రములు ఎచ్చటనో ఒకచోట నిలిచియే యుండును. నిలువనిది ఆ ఒక్క గదిలోని ఒక్క దీపపు వెలుగు. ఈ ప్రాంతపు యువచిత్రకారులలో ఎవరైనను ఈ పనికి పూనుకొందురేని, వారికి కావలసినవి ఎక్కువ లేవు: రెండున్నర అడుగుల కాన్వాసు, అయిదారు రంగులు, ఒక ప్రమిద, ఇంకను ఆ వెలుగును గుర్తుంచుకొన్న ఒక అవ్వ. ఆమె ప్రక్కన కూర్చుండి, దీపమునకు ఎంత దగ్గరగా కూర్చుండెడివారో అడిగి తెలిసికొనవలెను. ఆ కొలతతోనే చిత్రము మొదలగును.